పాత బండి ముందు ఫోర్కులు: కారేది సీలు, కారణం వేరు

పాత మోటారుసైకిల్ ముందు ఫోర్కుల, అంటే షాకప్‌ల మీద నూనె జిడ్డు కనిపించగానే ఎవరి నోటనైనా వచ్చే మాట ‘ఆయిల్ సీల్ పోయింది’ అనే. మాట అబద్ధం కాదు గానీ అందులో ఉన్నది సగం నిజమే. వయసు మీరి రబ్బరు గట్టిపడిన సందర్భాలను పక్కన పెడితే, ఫోర్కులోని నూనెను ఆపే ఈ రబ్బరు రింగు, అంటే సీలు, తనంతట తాను పాడవడం తక్కువ. దాని పెదవిని కోసేది ఫోర్కు పైపు మీద లేచిన తుప్పు పొక్కు, రాయి తగిలి పడిన గంటు, పైపుకూ, అది దూరే కింది గొట్టమైన బాటమ్ కేసుకూ మధ్య ఏళ్ల తరబడి పెరిగిన వదులు, లేదా ఎన్నడూ మార్చని నూనెలో తేలుతూ సానరాయిలా పనిచేసే లోహపు పొడి. ఆ కారణాన్ని అక్కడే ఉంచి సీలు ఒక్కటే మారిస్తే కొత్త సీలు కూడా పాతదాని దారే పడుతుంది, ఒక్కోసారి ఒక వానకాలమైనా గడవకముందే. ఈ పనిని ఇంట్లో చేసుకోవడంలో కూలి డబ్బు మిగలడం చిన్న లాభం. రోజుకు పది బళ్లు చూడాల్సిన షెడ్డులో దొరకనివి రెండు ఇంట్లో దొరుకుతాయి: కారణాన్ని వెతికే తీరిక, నూనెను కొలిచి పోసే ఓపిక.

ఇక్కడ చెప్పుకునేది మన రోడ్ల మీద ఇప్పటికీ తిరుగుతున్న ఒక తరం బళ్ల గురించి. 1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100, అదే ఏడాది వచ్చిన యమహా ఆర్‌ఎక్స్ 100, 1994 నాటి స్ప్లెండర్, వాటి చుట్టూ వచ్చిన 100 నుంచి 150 సీసీ బళ్లు ఈ కోవలోవి. బుల్లెట్ ఫోర్కు కూడా ఇదే కుటుంబానికి చెందినదే గానీ, దాని పాత మోడళ్లలో పై భాగపు అమరికా విప్పే క్రమమూ వేరు కాబట్టి దానికి దాని మాన్యువలే దిక్కు. నూనెతో అదుపయ్యే టెలిస్కోపిక్ ఫోర్కును 1935లో బీఎమ్‌డబ్ల్యూ తన ఆర్ 12, ఆర్ 17 బళ్లకు అమర్చింది. ఆ తర్వాత దశాబ్దాలు గడిచినా మామూలు బళ్లలో మూల సూత్రం పెద్దగా మారలేదు: ఒక పైపు ఇంకొక గొట్టంలోకి జారుతుంది, స్ప్రింగు బరువు మోస్తుంది, నూనె ఆ స్ప్రింగు ఊగిసలాటను అణచివేస్తుంది.

నూనె చేసే పని

హ్యాండిల్ కింద రెండు పైపులనూ కలిపి పట్టి ఉంచే బిగింపులైన పై టీకీ కింది టీకీ బిగించి ఉండే క్రోమ్ పైపు కదలదు. దాని మీద పైకీ కిందికీ జారేది చక్రాన్ని పట్టుకున్న అల్యూమినియం బాటమ్ కేసు. కేసు అడుగున ఒక అలెన్ బోల్టుతో బిగించిన సన్నని గొట్టం పైపు లోపల నిలువుగా నిలబడి ఉంటుంది. పుస్తకాల్లో దీని పేరు డ్యాంపర్ రాడ్, హోండా తరహా బళ్ల విడిభాగాల జాబితాలో సీట్ పైపు. దీని తల చుట్టూ ఒక పిస్టన్ రింగు ఉండి ఫోర్కు పైపు లోపలి గోడను ఒరుసుకుంటూ కదులుతుంది. గొట్టం అడుగు భాగంలో కాస్త పెద్ద రంధ్రాలు, తల దగ్గర చిన్న రంధ్రం ఉంటాయి. ఫోర్కు వ్యవహారమంతా ఈ రంధ్రాల చేతిలోనే ఉంది.

చక్రం గతుకెక్కి పైకి వచ్చినప్పుడు కేసులోని నూనె కింది రంధ్రాల గుండా గొట్టం లోపలికి దూరి పైకి లేస్తుంది. కొంత నూనె పైపు అడుగున ఉన్న ఒక చిన్న రింగు వాల్వును ఎత్తుకుని, గొట్టానికీ పైపుకూ మధ్య ఉన్న సందులోకి చేరుతుంది. చక్రం తిరిగి కిందికి దిగేటప్పుడు ఆ వాల్వు మూసుకుంటుంది. సందులో చిక్కిన నూనెకు తల దగ్గరి చిన్న రంధ్రం తప్ప వేరే దారి ఉండదు. అందుకే ఫోర్కు నొక్కుకునేటప్పుడు తేలికగానూ తిరిగి లేచేటప్పుడు నిదానంగానూ కదులుతుంది. ఆ పిస్టన్ రింగు అరిగిపోతే చిక్కిన నూనె పక్కనుంచి జారిపోతుంది. అప్పుడు కొత్త సీళ్లు వేసినా కొత్త నూనె పోసినా బండి ముందు భాగం గతుకు దాటాక రెండు మూడు సార్లు ఊగుతూనే ఉంటుంది. షెడ్డులో సీలు మారుతుంది, నూనె మారుతుంది, ఈ రింగు మాత్రం బండి పుట్టినప్పుడు పెట్టినదే ఉండిపోతుంది. దాని ధర చూస్తే ఇదొక వింత పొదుపు.

రంధ్రాలతో నూనెను అడ్డగించే పద్ధతికి పుట్టుకతో వచ్చిన ఒక లోపం ఉంది. రంధ్రం గుండా ద్రవాన్ని తోయడానికి కావలసిన ఒత్తిడి వేగపు వర్గంతో పెరుగుతుంది. ఫోర్కు కదిలే వేగం రెట్టింపయితే అడ్డు నాలుగు రెట్లవుతుంది. మెల్లగా కదిలేటప్పుడు నూనె దాదాపు లేనట్టే ఉంటుంది, ఒక్కసారిగా పదునైన అంచు తగిలితే ఫోర్కు బిగుసుకుపోయి దెబ్బను చేతులకు పంపుతుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాల ప్రకారం గంటకు 25 కిలోమీటర్ల వేగానికి ఉద్దేశించిన గుండ్రని స్పీడ్ బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పున, 10 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి. ఊళ్లలో ఎవరికి తోచినట్టు వాళ్లు పోసుకున్న సిమెంటు గట్లు ఆ ఎత్తును అడుగు వెడల్పులోనే అందుకుంటాయి. పాత ఫోర్కు అక్కడ ‘టక్’మంటే దానికి ఎప్పుడూ రోగమనే అర్థం కాదు, సగం తప్పు గట్టుదే.

విప్పే ముందు చూడవలసినవి

పానా పట్టుకునే ముందు పది నిమిషాలు బండిని పరిశీలిస్తే ఆ తర్వాత పని సగం తేలికవుతుంది. ముందు బ్రేకు పట్టి హ్యాండిల్‌ను గట్టిగా కిందికి నొక్కి వదలాలి. ముందు భాగం ఒక్కసారి పైకి లేచి నిలిస్తే నూనె పని చేస్తున్నట్టు, ఊగుతూ ఉంటే చేయనట్టు. నొక్కేటప్పుడు కరకరమన్నా, ఒక చోట పట్టుకున్నట్టు ఆగినా పైపు వంగి ఉండవచ్చు, లేదా ఫోర్కు రెండు కాళ్లూ, అంటే రెండు పక్కల పైపులూ, సమాంతరంగా లేకపోవచ్చు. బండిని సెంటర్ స్టాండు మీద నిలిపి, ఇంజిను కింద దుంగ పెట్టి ముందు చక్రం గాలిలో ఉండేలా చేసి, ఫోర్కుల అడుగు భాగాన్ని ముందుకూ వెనక్కూ కదిపి చూడాలి. వదులు తెలిస్తే అది హ్యాండిల్ తిరిగే బేరింగు అయిన స్టీరింగ్ కోన్ సెట్టుదా, ఫోర్కుదా అన్నది తేల్చుకోవాలి. కింది టీ దగ్గర వేలు పెట్టినప్పుడు కదలిక అక్కడే తెలిస్తే కోన్ సెట్టుది, కేసు పై అంచు దగ్గర తెలిస్తే ఫోర్కుది. హ్యాండిల్‌ను నెమ్మదిగా తిప్పినప్పుడు సరిగ్గా నడిమధ్యన గాడిలో పడినట్టు ఆగితే ఆ బేరింగు గుండ్లు దొర్లే బాల్ రేసుల్లో గుంటలు పడ్డాయని అర్థం. ఫోర్కులు ఎలాగూ విప్పుతున్నప్పుడు దాన్నీ అప్పుడే సరిచేసుకోవడం తెలివైన పని.

ఒక్క కాలే కారుతున్నా రెండింటినీ విప్పాలి. ఒకదానిలో కొత్త నూనె, రెండోదానిలో ఐదేళ్ల నాటి బురద ఉంటే రెండు కాళ్లూ రెండు రకాలుగా కదులుతాయి, ఆ తేడా భారమంతా యాక్సిల్ మీదా కింది టీ మీదా పడుతుంది.

విప్పడంలో క్రమం

విప్పే క్రమం తప్పితే సులువైన పని కూడా నరకమవుతుంది. పై బోల్టులనూ, కేసు అడుగున ఉన్న అలెన్ బోల్టులనూ ఫోర్కులు బండి మీద ఉండగానే వదులు చేయాలి, బయటికి తీశాక వాటిని తిప్పబోతే పట్టుకోవడానికి ఆధారం దొరకదు. పై టీ పక్కన పైపును నొక్కి పట్టే పించ్ బోల్టు ఉన్న బళ్లలో ముందు దాన్ని సడలించకుండా పై బోల్టు తిప్పితే చుట్లు దెబ్బతింటాయి. కొన్ని బళ్లలో పై బోల్టే పైపును టీకి పట్టి ఉంచుతుంది. అక్కడ దాన్ని తీసేముందే కింది టీ బోల్టు బిగువుగా ఉందో లేదో చూసుకోవాలి.

పై బోల్టు కింద స్ప్రింగు నొక్కుకుని ఉంటుందన్న సంగతి చాలామందికి అది ఎగిరి గడ్డానికి తగిలాకే గుర్తొస్తుంది. ముఖం పక్కకు పెట్టి, అరచేతితో పానాను కిందికి అదిమి పట్టి, చివరి రెండు చుట్లూ మెల్లగా తిప్పాలి. బోల్టుకు బదులు బిళ్లా, దాని పైన తీగ రింగూ ఉండే రకంలో ప్రమాదం ఇంకా ఎక్కువ. అక్కడ బిళ్లను ఒకరు అదిమి పట్టి ఇంకొకరు రింగు తీయాలి.

అడుగు అలెన్ బోల్టుది ఇంకో రకం మొండితనం. దాన్ని తిప్పితే లోపల డ్యాంపర్ రాడ్ కూడా దానితో పాటే తిరుగుతుంది, బోల్టు మాత్రం బయటికి రాదు. దీనికి ఇంటి చిట్కా స్ప్రింగును తీయకముందే ప్రయత్నించడం: ఫోర్కును నొక్కి పట్టినప్పుడు స్ప్రింగు ఒత్తిడి రాడ్ తలను అదిమి ఉంచుతుంది, అలెన్ కీకి ఒక్క జెర్కు ఇస్తే చాలాసార్లు వచ్చేస్తుంది. రాకపోతే స్ప్రింగు తీసి, చీపురు కర్ర కొసను కోసుగా చెక్కి పైనుంచి రాడ్ తలలోకి దిగ్గొట్టి, కర్రను ఒకరు గట్టిగా పట్టుకుంటే రెండోవారు బోల్టు తిప్పవచ్చు. బోల్టు తలలోని మురికిని సూదితో గీకి శుభ్రం చేయకుండా కీ పెడితే ఆరు పలకలు గుండ్రమవుతాయి, ఆ తర్వాత డ్రిల్లు తప్ప గతి లేదు. ముందు చక్రం తీసేటప్పుడు పాత డ్రమ్ బ్రేకులోని దుమ్మును నోటితో ఊదకూడదు. పాతకాలపు బ్రేకు షూలలో ఆస్బెస్టాస్ వాడకం మామూలే, దాన్ని తడి గుడ్డతో తుడవడమే మంచిది.

బయటికి వచ్చిన నూనెను పారబోసే ముందు ఒక తెల్లని గిన్నెలో పోసి చూడాలి. బూడిద రంగులో వెండి మెరుపు కనిపిస్తే అది కేసు లోపలి గోడ అరిగిన అల్యూమినియం. పాలలా తెల్లబారితే నీరు చేరింది, ఆ నీరు వచ్చింది పైనున్న డస్ట్ సీలు చిరిగినందువల్ల కావచ్చు. దుర్వాసన వేస్తూ నల్లగా చిక్కబడి ఉంటే ఆ నూనె మారి చాలా ఏళ్లయింది. రెండు కాళ్ల నుంచి వచ్చిన నూనెను విడివిడిగా కొలిచి రాసిపెట్టుకుంటే, ఇంతకుముందు పోసినవారు ఎంత ఉజ్జాయింపుగా పోశారో కూడా బయటపడుతుంది.

పైపును చదవడం

ఈ పనిలో అన్నిటికన్నా ఎక్కువ సమయం ఇవ్వవలసింది పైపుకే. కిరోసిన్‌తో కడిగి, ఆరబెట్టి, వెలుతురులో తిప్పుతూ చూసి, ఆ తర్వాత గోరును పైపు పొడుగునా నెమ్మదిగా జరపాలి. కంటికి కనిపించినది గోరుకు తగలకపోతే భయం లేదు. గోరు ఎక్కడ ఆగుతుందో అక్కడే సీలు కూడా తెగుతుంది. హార్డ్ క్రోమ్ పూత మందం మైక్రాన్ల లెక్కలో ఉంటుంది, దానిలో పుట్టుకతోనే కంటికి కనపడని సన్నని పగుళ్లుంటాయి. తేమ ఆ పగుళ్ల గుండా దిగి కింది ఉక్కును తినడం మొదలుపెడితే క్రోమ్ పొక్కులా లేస్తుంది. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో నెలల తరబడి కదలకుండా నిలిపిన బళ్ల పైపులు ఈ కారణంగానే ముందు పాడవుతాయి. నడిచే బండిలో ప్రతి గతుకూ పైపు మీద పలుచని నూనె పొర పూస్తుంది, నిలిచిన బండికి ఆ పూత ఉండదు. అందం కోసమో రక్షణ కోసమో తొడిగే రబ్బరు బూట్లు దుమ్మును ఆపుతాయి గానీ అడుగున నీళ్లు పోయే రంధ్రం మూసుకుపోతే తేమను అక్కడే మూట కట్టి ఉంచుతాయి.

పొక్కు ఎక్కడుందన్నదే నిర్ణయాన్ని మారుస్తుంది. ఫోర్కు నొక్కుకున్నప్పుడు సీలు ప్రయాణించే మేర ఎంతో ముందే గుర్తు పెట్టుకోవాలి. పైపుకు ఒక రబ్బరు బ్యాండు చుట్టి నాలుగు రోజులు బండి నడిపితే అది పైకి జరిగి నిలిచిన చోటే ఆ హద్దు. దానికి పైన, టీల దగ్గర ఉన్న తుప్పు చూడడానికి బాగుండదు గానీ సీలుకు హాని చేయదు. హద్దు లోపల ఒకటి రెండు చిన్న గుంటలుంటే, 1000 నుంచి 2000 నంబరు నీటి ఎమరీతో నూనె వేసి లేచిన అంచులను మాత్రం అణిచి, గుంటను ఎపాక్సీతో నింపి, ఆరాక మళ్లీ చదును చేయవచ్చు. ఎమరీని పైపు పొడుగునా కాక చుట్టూ తిప్పుతూ రుద్దాలి, నిలువు గీతలు నూనె పైకి పాకడానికి కాలువలవుతాయి. గుంటలు గుంపుగా ఉంటే ఈ చిట్కా కాలయాపనే. అప్పుడు మిగిలేవి రెండు దారులు: పైపును గ్రైండింగ్ చేయించి తిరిగి హార్డ్ క్రోమ్ పోయించడం, లేదా కొత్త పైపు కొనడం. విరివిగా దొరికే 100 సీసీ బళ్లకు కొత్త పైపే సాధారణంగా తేలిక. విడిభాగాలు దొరకని పాత బళ్లకు మాత్రం విజయవాడ ఆటోనగర్ లాంటి చోట లేత్ పనివారి చుట్టూ తిరగడం తప్పదు.

వంపు చూడడానికి సరైన సాధనం పైపును ఆనించే వీ బ్లాకులూ, వంపును కొలిచే డయల్ గేజీనూ. చాలా మాన్యువళ్లు 0.2 మిల్లీమీటర్ల వరకే వంపును ఒప్పుకుంటాయి. ఇంట్లో మందపాటి గాజు పలక మీద పైపును దొర్లించి, కింది సందులోంచి వెలుతురు వస్తుందేమో చూస్తే పెద్ద వంపులు తెలిసిపోతాయి, చిన్నవి తెలియవు. వంగిన పైపును ప్రెస్సు మీద తిన్నగా చేయడం మన దగ్గర సర్వసాధారణం. వంపు పొడవాటి విల్లులా ఉంటే అది కొంతవరకు నిలబడుతుంది. కింది టీ అంచు దగ్గర మడత పడి, క్రోమ్ పగిలి ఉంటే దాన్ని సరిచేసి తొడగడం ప్రాణంతో చెలగాటమే.

ఇక అరుగుదల. పెద్ద బళ్లలో పైపుకూ కేసుకూ మధ్య మార్చదగిన లోహపు వలయాలు, అంటే బుష్‌లుంటాయి, రాగి రంగు బయటపడితే వాటి ఆయుష్షు అయిపోయినట్టే. చిన్న బళ్లలో చాలావాటికి బుష్‌లు లేవు, పైపు నేరుగా అల్యూమినియం మీదే జారుతుంది. కాబట్టి అరిగేది కేసే. కొత్త పైపును పాత కేసులోకి దించి పక్కలకు కదిపినప్పుడు స్పష్టంగా టకటకలాడితే ఎన్ని సీళ్లు మార్చినా ఫలితం ఉండదు. సీలు పెదవి ఒక పక్క నలుగుతూ, ఇంకో పక్క తెరుచుకుంటూ ఉంటుంది. ‘ఎన్నిసార్లు సీళ్లు వేయించినా కారుతూనే ఉంది’ అన్న ఫిర్యాదు వెనుక తరచుగా ఉండే కథ ఇది. స్ప్రింగు పని మాత్రం చిన్నదే: దాని పొడవు కొలిచి మాన్యువల్లోని కనీస పొడవుతో పోల్చి చూడాలి. రెండింటిలో ఒకటి పొట్టిదైతే రెండూ మార్చాలి.

సీలు కూర్చోబెట్టడం

పాత సీలును తీసేముందు దాని పైనున్న తీగ లాక్ రింగును తీయాలి. అది తుప్పు పట్టి గాడిలో కనపడకుండా ఉండి, దాన్ని మరిచి సీలును పెకిలించబోయి కేసు అంచు పగలగొట్టుకునేవారు తక్కువేమీ కాదు. కేసు అంచుకు గుడ్డ మడత పెట్టి, దాని మీద టైరు లివరు ఆనించి ఎత్తాలి. రాకపోతే కేసు పై భాగం మీద మరిగే నీళ్లు పోస్తే అల్యూమినియం వ్యాకోచించి సీలును వదులుతుంది. సీలు కూర్చునే గూడులో స్క్రూడ్రైవరు గీత పడితే నూనె సీలు బయటి అంచు నుంచి కారుతుంది, ఆ కారుడుకు ఎన్ని కొత్త సీళ్లైనా జవాబు చెప్పలేవు.

కొత్త సీలులో సన్నని స్ప్రింగు కనిపించే వైపు నూనె వైపుకు, అంటే కిందికి ఉండాలి. అంకెలు రాసిన వైపు పైకి. పైపు పై అంచు పదునుగా ఉంటుంది కాబట్టి దానికి నూనె రాసిన పాలిథిన్ కాగితం చుట్టి, దాని మీదుగా సీలును జార్చాలి. దిగ్గొట్టడానికి సరైన సైజు పీవీసీ పైపు ముక్క చాలు. కొత్త సీలు మీద పాత సీలును బోర్లించి దాని మీద కొడితే దెబ్బ అంతటా సమంగా పడుతుంది. లాక్ రింగు గాడి పూర్తిగా బయటపడేదాకా సీలు దిగాలి, రింగు గాడిలో ‘టిక్’మని కూర్చోవాలి. ఈ రెండూ జరగకపోతే మొదటి పెద్ద గుంతలోనే లోపలి ఒత్తిడి సీలును పైకి తన్నేస్తుంది. అడుగు అలెన్ బోల్టు కింది రాగి వాషరును కొత్తది వేయడం మరిచిపోతే, అంతా చేశాక కూడా కేసు కింద చుక్క తేలుతుంది. చూసినవారు మళ్లీ సీలునే తిడతారు.

నూనె: ఎంత, ఏది

షెడ్డు పనికీ ఇంటి పనికీ తేడా అన్నిటికన్నా స్పష్టంగా కనిపించేది ఇక్కడ. ఫోర్కు పైన నూనె లేని చోటంతా గాలి. ఫోర్కు నొక్కుకునే కొద్దీ ఆ గాలి రెండో స్ప్రింగులా పనిచేస్తుంది. ఒక నమూనా లెక్క చూద్దాం. పైపు బయటి వ్యాసం 30 మిల్లీమీటర్లు, లోపలిది 25, ఫోర్కు ప్రయాణం 120, పూర్తిగా నొక్కినప్పుడు పైన మిగిలే గాలి ఎత్తు 150 అనుకుంటే, నొక్కుకున్న గాలి దాదాపు 74 మిల్లీలీటర్లు, ఫోర్కు తెరుచుకున్నప్పుడు అది దాదాపు 158. అంటే గాలి రెండు రెట్లకు పైగా కుదించుకుపోతుంది, లోపలి ఒత్తిడి బయటి గాలి కంటే చదరపు సెంటీమీటరుకు కిలోకు కొంచెం పైన పెరుగుతుంది. ఇప్పుడు అదే కాలులో ‘ఇంకాస్త పోద్దాం’ అని 34 మిల్లీలీటర్ల నూనె అదనంగా పోస్తే, గాలి ఎత్తు 80 మిల్లీమీటర్లకు పడిపోతుంది. గాలి మూడు రెట్లకు పైగా కుదించుకుంటుంది, అదనపు ఒత్తిడి దాదాపు రెట్టింపవుతుంది. స్ప్రింగు లోహం ఆక్రమించే చోటును కూడా లెక్కిస్తే వాస్తవంలో ఇంకా ఎక్కువే. ఆ ఒత్తిడిని మోసేది కొత్తగా వేసిన సీలే. రెండు మూడు పెద్ద చెంచాల నూనె అంత పని చేస్తుంది.

అందుకే మాన్యువల్లో చెప్పిన కొలత మిల్లీలీటర్లలో ఉంటే కొలగ్లాసుతో, ఎత్తులో ఉంటే స్కేలుతో పోయాలి. ఈ తరం చిన్న బళ్లకు ఒక్కో కాలుకు సాధారణంగా 100 నుంచి 200 మిల్లీలీటర్ల మధ్య పడుతుంది, కచ్చితమైన అంకె ఆ బండి మాన్యువల్లోనే చూడాలి. పూర్తిగా విప్పి కడిగిన ఫోర్కుకూ, డ్రెయిన్ స్క్రూ తీసి నూనె వంచేసిన ఫోర్కుకూ ఒకే కొలత పనికిరాదు, వంచినదానిలో గోడలకు అంటుకుని కొంత మిగులుతుంది. నూనె పోశాక పైపును పది పదిహేనుసార్లు నెమ్మదిగా పైకీ కిందికీ ఆడించాలి. మొదట ఖాళీగా జారే చోట్లుంటాయి, అవి పోయి కదలిక మొదటి నుంచి చివరి దాకా ఒకేలా బరువుగా తెలిసేదాకా ఆడించి, బుడగలు తేలడానికి పది నిమిషాలు నిలబెట్టాలి. ఎత్తు కొలిచేటప్పుడు స్ప్రింగు బయట ఉండాలి, ఫోర్కు పూర్తిగా నొక్కి ఉండాలి. మందుల షాపులో దొరికే పెద్ద సిరంజికి సెలైన్ గొట్టం తగిలించి, ఆ గొట్టం కావలసిన లోతుకు దిగేలా అట్టముక్కలో గుచ్చి పెడితే, ఎక్కువైన నూనెను సరిగ్గా ఆ మట్టం వరకు లాగేయవచ్చు. ఖరీదైన పనిముట్టు చేసేది కూడా ఇదే పని.

నూనె రకం విషయంలో డబ్బా మీది అంకెను అంత గట్టిగా నమ్మకూడదు. ఫోర్కు నూనెల మీద రాసే 5, 10, 15 అంకెలను కంపెనీలన్నీ ఒకేలా పాటించవు. ఒకే 10 అంకె ఉన్న రెండు సీసాల చిక్కదనంలో ఒకటిన్నర రెట్ల తేడా ఉండడం అరుదేమీ కాదు. వివరాల పత్రంలో 40 డిగ్రీల దగ్గర ఎన్ని సెంటీస్టోకులో (చిక్కదనపు కొలమానం) చూసి పోల్చుకోవడమే సరైన దారి, మామూలు 10 నంబరు నూనె 30ల్లో ఉంటుంది. అందుకే పాత హోండా మాన్యువళ్లు కొన్ని ఆటోమేటిక్ గేర్‌బాక్సు నూనెను ఫోర్కులకు సూచించాయి, దాని చిక్కదనం కూడా ఆ దగ్గరే. మన షెడ్లలో అలవాటుగా పోసే 20డబ్ల్యూ-40 ఇంజిన్ ఆయిల్ అదే ఉష్ణోగ్రత దగ్గర 100 దాటుతుంది. దానితో ఫోర్కు ఊగడం ఆగుతుంది గానీ వరుస గతుకుల మీద ఒక గతుకు నుంచి తేరుకోకముందే ఇంకోటి వచ్చి పడుతుంది, ఫోర్కు మెల్లమెల్లగా కిందికి కుంగి రాయిలా అయిపోతుంది. రింగు అరిగిన ఫోర్కుకు చిక్కటి నూనె పోయడం కళ్లద్దాలు మార్చాల్సిన చోట పెద్ద బల్బు వేయడం లాంటిది.

అయితే చిక్కదనంతో ఆడుకోవడానికి కొంత జాగా ఉంది. బరువు ఎక్కువ మోసే బండికి 10 బదులు 15 వేసి చూడడంలో తప్పులేదు. మే నెలలో కోస్తా, తెలంగాణ ఎండల్లో నూనె పలచబడడం అనుభవానికి తెలిసేదే. ఏం మార్చినా ఒకసారికి ఒకటే మార్చాలి. నూనె చిక్కదనమూ మట్టమూ రెండూ ఒకేసారి మారిస్తే బాగుపడింది దేనివల్లో, చెడింది దేనివల్లో ఎప్పటికీ తేలదు.

తిరిగి బిగించడం

ఫోర్కులు టీలలో ఎక్కించాక రెండు పైపుల పై అంచులూ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో చూసుకుని కింది టీ బోల్టులు బిగించి, పై బోల్టులు బిగించి, ఆ తర్వాత పై పించ్ బోల్టులు బిగించాలి. మడ్‌గార్డు, యాక్సిల్ మాత్రం చివరి బిగువు ఇవ్వకుండా వదలాలి. బండిని నేల మీదికి దించి, ముందు బ్రేకు పట్టి నాలుగైదుసార్లు ఫోర్కులను నొక్కితే రెండు కాళ్లూ యాక్సిల్ మీద తమ సహజమైన చోటు వెతుక్కుంటాయి. అప్పుడు యాక్సిలూ మడ్‌గార్డూ బిగించాలి. ఈ ఒక్క మెట్టు వదిలేసినందుకే కొత్త సీళ్లున్న ఫోర్కులు కూడా బిరుసుగా కదలడం చూస్తుంటాం. హ్యాండిల్ నేరుగా ఉన్నా చక్రం ఒక పక్కకు చూస్తుంటే వెంటనే పైపు వంగిందనుకోనక్కరలేదు. చిన్నపాటి పడిపోవడాల్లో తరచుగా జరిగేది టీలలో పైపులు మెలిక పడడమే, బోల్టులు సడలించి నిలబెడితే సరిపోతుంది.

డ్రమ్ బ్రేకు ఉన్న బళ్లలో ఒక విషయంలో మాత్రం పొరపాటుకు తావులేదు. బ్రేకు ప్లేటు మీది గాడిలోకి బాటమ్ కేసు మీద పొడుచుకొచ్చిన దిమ్మె కూర్చోవాలి. అది కూర్చోకుండా యాక్సిల్ బిగిస్తే, బ్రేకు పట్టిన క్షణాన ప్లేటు మొత్తం చక్రంతో పాటు తిరిగి, కేబుల్‌ను చుట్టుకుని చక్రాన్ని బిగబట్టేస్తుంది. బండి ఎక్కే ముందు ఆ దిమ్మెను వేలితో తడిమి చూడాలి, కంటితో చూడడం చాలదు. కారిన నూనె బ్రేకు షూల మీదో డిస్కు ప్యాడ్ల మీదో పడి ఉంటే వాటిని కడిగి వాడుకోవడం కంటే మార్చడమే మేలు, ఒకసారి నూనె పీల్చిన లైనింగు వేడెక్కినప్పుడల్లా దాన్ని బయటికి కక్కుతూనే ఉంటుంది. తీసిన పాత నూనెను మురుగు కాలువలో పోయకుండా డబ్బాలో నింపి, వాడిన ఇంజిన్ ఆయిల్ సేకరించే షెడ్డుకు ఇవ్వాలి. వాడిన నూనె 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వస్తుంది.

సర్వీసు సరిగ్గా జరిగిందో లేదో ఆ రోజే తెలియదు. రెండు పైపులనూ పొడి గుడ్డతో తుడిచి, రబ్బరు బ్యాండు మళ్లీ చుట్టి, వంద కిలోమీటర్లు నడిపి చూడాలి. మనిషి కూర్చున్నప్పుడు ముందు భాగం మొత్తం ప్రయాణంలో పావు వంతు నుంచి మూడో వంతుకు కాస్త తక్కువ వరకు, అంటే 120 మిల్లీమీటర్ల ఫోర్కులో 30 నుంచి 36 మిల్లీమీటర్లు దిగితే స్ప్రింగు సరిగ్గా ఉన్నట్టు. గుంతల రోడ్డు మీద బ్యాండు చివరి సెంటీమీటరు దాకా వెళ్లి, దాన్ని దాటకపోతే నూనె మట్టం సరిపోయినట్టు. అంతకన్నా చాలా కింద నిలిచిపోతే నూనె ఎక్కువైందేమో చూడాలి, ప్రతి గతుకుకూ చివరిదాకా కొట్టుకుంటే తక్కువైందేమో చూడాలి. పైపు మీద తడి కనపడని పలుచని మెరుపు ఉంటే అది సీలుకు కావలసిన నూనె పొరే. సీలు చుట్టూ గుండ్రంగా తడి దుమ్ము పట్టి ఉంటే, మళ్లీ విప్పబోయే ముందు ఒక పాత ఎక్స్‌రే ఫిల్ము నుంచి సన్నని పట్టీ కత్తిరించి, దాన్ని పైపుకూ సీలు పెదవికీ మధ్య దూర్చి చుట్టూ ఒకసారి తిప్పి లాగాలి. బిగించేటప్పుడు చిక్కుకున్న ఇసుక రేణువు ఒక్కటి బయటికి రావడంతోనే కారుడు ఆగిపోయిన సందర్భాలు చాలానే ఉన్నాయి. పట్టీ శుభ్రంగా వచ్చి, రెండు రోజుల్లో మళ్లీ అదే చోట, పైపుకు ఒకే పక్కన తడి కనిపిస్తే మాత్రం గోరును ఇంకోసారి ఆ పక్క పైపు మీద జరపాల్సిందే.